పదిహేడో నంబరు బిళ్ళ

నేను ఉద్యోగం చేసింది నాలుగేళ్ళు. అందులో రాయదగినవి రెండు గంటలు. మిగతా కాలమంతా టైపు కొట్టాను, వాలీబాల్ నెట్లు ఎవరు తీసుకెళ్ళారో రిజిస్టరులో రాశాను, తిరిగి రాని నెట్ల కోసం ఉత్తరాలు టైపు చేశాను. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ క్రీడల ఆఫీసు అది. స్టేడియం మెట్ల కింద రెండు గదులు. తొంభైల మొదట్లో, డిగ్రీ పూర్తయిన ఏడాదికి, అక్కడ తాత్కాలిక టైపిస్టుగా చేరాను.

మా క్వార్టర్ల వరుసలో ఇద్దరు అమ్మాయిలు ఈమధ్యే ఉద్యోగాల్లో చేరారు. "పనిల అన్నిటికన్న ముఖ్యమైంది ఏందక్కా?" అని వాళ్ళు అడిగారు. కుక్కర్ కూత పెట్టింది, పాప ఏడ్చింది, మాట అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు పాప నిద్రపోయింది. గ్యాసు కట్టేశానో లేదో రెండుసార్లు చూసి వచ్చి కూర్చున్నాను. జవాబు ఒక ముక్కలో చెప్పలేను కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరి పేర్లూ రాయను. ఇందులో ఉన్నవాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు, కూరగాయల మార్కెట్లో ఎదురవుతుంటారు.

ఉద్యోగంలో చేరిన రెండో నెలలో సెక్యూరిటీ గార్డు డ్రెస్సులో ఒకాయన మా గదిలోకి వచ్చి, అటెన్షన్‌లో నిలబడి, ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. అందులో రెండే వస్తువులు అడిగాడు. నాలుగడుగుల చెక్క ఒకటి. మూడంగుళాల మొలలు ఇరవై.

మా స్పోర్ట్స్ ఆఫీసరు కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. మంచివాడే, కానీ ఫైలు లేని పనంటే భయం. కళ్ళజోడు పైకి నెట్టి, "దేనికయ్యా ఇవి?" అన్నాడు.

"ట్రయాథ్లాన్‌కు సార్."

"అంటే?"

"మూడాటలు సార్. ముందు ఈదాలె, ఒడ్డెక్కంగనే సైకిల్ తొక్కాలె, దిగంగనే ఉరకాలె. మధ్యల ఆగొద్దు."

మా ప్యూన్ టీ గ్లాసులు తీస్తూ, "ట్రయా తలాన్ అంటవేందన్నా, నీళ్ళతోని మొదలైతదంటే అది తలంటే" అన్నాడు. ఆ గార్డు నవ్వలేదు. "తలంటు అని రాసుకున్నా మంచిదే. చెక్క ఇప్పిస్తే చాలు" అన్నాడు.

అందరూ ఆయన్ని మిల్ట్రీ అన్న అనేవాళ్ళు. మంచిర్యాల వైపు గోదావరి ఒడ్డున ఊరు. పదో తరగతి కాగానే ఫౌజులో చేరి, నదుల మీద వంతెనలు కట్టే దళంలో పదిహేనేళ్ళు పనిచేసి, హవల్దారుగా పింఛను తీసుకుని వచ్చాడు. ఫౌజులో ఎవరో ఆఫీసరు ఈ మూడాటల పోటీ పెడితే మొదటిసారి అందరికన్నా వెనక వచ్చాడట. రెండోసారి వెనక నుంచి మూడోవాడట. "మూడోసారి పెట్టకముందే పింఛనిచ్చి పంపిండ్రు. గదొక్కటి బాకీ ఉన్నది" అనేవాడు. కంపెనీలో గార్డుగా చేరాక బొగ్గు యార్డు గేటు దగ్గర రాత్రి డ్యూటీ వేశారు. పొద్దున డ్యూటీ దిగి నేరుగా గోదావరికి పోయి ఈదేవాడు. తర్వాత పాలవాళ్ళు తొక్కే బరువు సైకిలు, దాని క్యారియరూ మడ్‌గార్డులూ ఊడబీకి, రామగుండం దాకా తొక్కి వచ్చేవాడు. రోడ్డు పక్క పిల్లలు "కాకా, నీ సైకిల్ కుప్పకూలిందా?" అని అరిచేవాళ్ళు.

కొన్నాళ్ళకు ఆయన వెంట పది పన్నెండు మంది కార్మికులు చేరారు. ట్రయాథ్లాన్ అనే మాట వాళ్ళకు నోరు తిరగలేదు. మూడు షిఫ్టుల ఆట అని పేరు పెట్టుకున్నారు. ఈత మొదటి షిఫ్టు, సైకిలు రెండో షిఫ్టు, పరుగు నైట్ షిఫ్టు. "నేను మొదటి షిఫ్టు దాకనే వస్త, తర్వాత నాగా" అని ఒకడు ఎప్పుడూ అనేవాడు. బాయిలో టబ్బుల్లోకి బొగ్గు నింపే ఫిల్లర్ అతను. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. ఆ ఫిల్లర్ నీళ్ళలో చేప. సైకిలెక్కితే మాత్రం పక్కన నడిచేవాళ్ళు దాటిపోయేవాళ్ళు.

చెక్కా మొలలూ ఎందుకో అప్పుడు తెలిసింది. గనుల్లో బొగ్గు తీసిన ఖాళీలు నింపడానికి కంపెనీ గోదావరి నుంచి ఇసుక తోడుతుంది. ఇసుక తీసినచోట నది అడుగున గుంతలు పడతాయి. పైన చూస్తే నీళ్ళు మోకాళ్ళ లోతున్నట్టు ఉంటాయి, రెండడుగులు వేస్తే మనిషి మునుగుతాడు. అందుకని మిల్ట్రీ అన్న ఆ చెక్కకు మొలలు కొట్టి, ఒక్కో మొల కింద తెల్లరంగుతో నంబరు వేశాడు. ఒక్కో మొలకు ఒక్కో ఇత్తడి బిళ్ళ. నీళ్ళలోకి దిగేవాడు తన బిళ్ళ తీసి మెడలో వేసుకోవాలి. బయటికి రాగానే మళ్ళీ మొలకు తగిలించాలి. మొల ఖాళీగా ఉంటే మనిషి నీళ్ళలో ఉన్నట్టు.

బిళ్ళలు ఇచ్చింది ల్యాంపు రూం చాచా. బాయి మీద, దిగేవాళ్ళకు నెత్తి మీది ల్యాంపులు ఇచ్చే కిటికీలో ముప్పయ్యేళ్ళుగా కూర్చున్న మనిషి. అక్కడా ఇదే పద్ధతి, కాకపోతే తిరగేసి. దిగేవాడు తన బిళ్ళ కిటికీలో ఇచ్చి ల్యాంపు తీసుకుంటాడు. పైకి వచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. చాచా బోర్డు మీద బిళ్ళ ఉన్నంతసేపూ ఆ మనిషి భూమి లోపల ఉన్నట్టే. చాచా ఒక పాత డబ్బా తీసి, "తీస్కపో బేటా. మూతపడ్డ బాయివి ఇవి. మనుషులందరు పైకొచ్చిండ్రు, బిళ్ళలే ఇక్కడ మిగిలిపోయినయ్" అన్నాడు. ప్రతి బిళ్ళకూ అంచున చిన్న చిల్లు, మధ్యలో అరిగిపోయిన అంకె.

"పేరు పెట్టి పిలిస్తే సరిపోదా అన్నా?" అని నేనొకసారి అడిగాను.

ఆయన చేతిలోని బిళ్ళను మొలకు తగిలించాడు. తర్వాత, "ఫౌజుల ఒక పొద్దు నది దాటినం. ఒడ్డున పేర్లు పిలిచిండ్రు. నా దోస్తు పేరు పిలిస్తే వాని పక్కోడు హాజర్ అన్నడు. మూత్రానికి పోయిండనుకున్నడట. నోటితోని ఎవలకైనా హాజర్ చెప్పొచ్చు చెల్లె. బిళ్ళ అట్ల చెప్పలేదు" అన్నాడు. దోస్తు ఏమయ్యాడని నేను అడగలేదు. 

బోర్డు దగ్గర కూర్చోవడానికి నన్ను అడిగింది ఆయనే. బీరువా తాళం వేసి మూడుసార్లు లాగి చూసే అలవాటు నాకు అప్పటికే ఉంది. ఆఫీసులో అందరూ దాన్ని చూసి నవ్వేవాళ్ళు. ఆయన మాత్రం ఆఫీసరుతో, "ఈ పిల్లనే ఇయ్యుండ్రి సార్. ఈమె ఫికర్ నాకు పనికొస్తది" అన్నాడు. జీవితంలో నా భయాన్ని ఎవరైనా అర్హతగా లెక్కవేసింది అదొక్కసారే. అట్లా వారానికి మూడు పొద్దులు గోదావరి ఒడ్డున మడతబల్ల వేసుకుని కూర్చునేదాన్ని. బిళ్ళ మొలకెక్కినప్పుడు చెక్క మీద 'టక్' అని చప్పుడయ్యేది. కొన్నాళ్ళకు చూడకుండానే ఆ చప్పుళ్ళు లెక్కపెట్టడం వచ్చింది.

ఆ చలికాలం బొగ్గు కంపెనీల మధ్య పోటీల్లో ఈ ఆట కూడా పెడుతున్నారని కబురొచ్చింది. మా ఏరియా నుంచి ఇద్దరిని పంపాలి. ఒక ఆదివారం సెలక్షన్ పెట్టారు. నలభై దాటినవాళ్ళు పనికిరారు. మిల్ట్రీ అన్నకు అప్పుడు ముప్పై తొమ్మిది.

మా ఆఫీసరు ఆయన్ని పిలిచి నా ముందే చెప్పాడు. "మొదటి ఇద్దరిలో రావయ్యా. వచ్చి, పోటీలకు వెళ్ళొస్తే నిన్ను గేటు డ్యూటీ నుంచి తీసి ఇక్కడ కోచ్‌గా వేయించుకుంటాను. ఊరికే వేయమంటే పైవాళ్ళు ఊరుకోరు. ఒక కాగితం ముక్క చూపించాలి."

"వస్త సార్" అన్నాడు ఆయన. అంతే. కానీ బయటికి వెళ్ళి సైకిలు స్టాండు వేయబోయి, స్టాండు తనే ఊడబీకిన సంగతి మరిచి, సైకిలు కింద పడేశాడు. అది చూసి ఆయనకు ఇది ఎంత కావాలో నాకు అర్థమైంది.

ఆ ఆదివారం వెలుగు వచ్చేవేళకు పంతొమ్మిది మంది నీళ్ళ ముందు నిలబడ్డారు. పంతొమ్మిది బిళ్ళలు మెడల్లో. ఎప్పుడూ ఒడ్డున ఉండి బోర్డునూ నీళ్ళనూ చూసే మిల్ట్రీ అన్న ఆ రోజు తనే పోటీలో ఉన్నాడు. దిగేముందు నాతో, "సైకిల్ రెండు రౌండ్లు. రెండు సార్లు ఇటుకెల్లే పోత. బోర్డు రోడ్డు దిక్కు తిప్పి పెట్టు. పోయేటప్పుడు చూసుకుంట పోత" అన్నాడు.

పదిహేడో నంబరు ఫిల్లర్‌ది. "అన్నా, నీళ్ళల నా ఎనక రా, అలలు తగులయ్" అన్నాడు మిల్ట్రీ అన్నతో.

"సైకిల్ మీద నువ్వు నా ఎనక రా. మధ్యాన్నం దాక నా దుమ్ము గూడ తగులదు" అన్నాడు ఆయన.

మడుగులో అటువైపు తేలేలా కట్టిన ఖాళీ డబ్బాల దగ్గర తిరిగి వెనక్కి రావాలి. జాలరివాళ్ళ తెప్పలు రెండు కాపలా ఉన్నాయి. కొంతసేపటికి ఒక్కొక్కరే ఒడ్డెక్కడం మొదలుపెట్టారు. టక్. టక్. మిల్ట్రీ అన్న రెండోవాడు. బిళ్ళ తగిలించి, తడి కాళ్ళకే బూట్లు తొడిగి, ఎవరినో బతిమాలి తెచ్చుకున్న గేర్ల సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నేను పద్దెనిమిది చప్పుళ్ళు విన్నాను. ఆ తర్వాత చప్పుడు లేదు. తల తిప్పి చూస్తే పదిహేడో మొల ఖాళీగా ఉంది. నీళ్ళ మీద ఎవరూ లేరు.

ఆఫీసరుకు చెప్పాను. ఆయన తెప్పలవాళ్ళను వెతకమన్నాడు, ఫిల్లర్ ఇంటికి ప్యూన్‌ను సైకిలు మీద పంపాడు. చేయవలసినవి చేశాడని ఇప్పుడు కూడా అనుకుంటాను. తెప్పలవాళ్ళు గెడలు వేసి చూస్తున్నారు. ప్యూన్ తిరిగి వచ్చి, ఫిల్లర్ ఇంటికి రాలేదని చెప్పాడు. దాదాపు నలభై నిమిషాలు గడిచాయి. అప్పుడు రోడ్డు మలుపులో మొదటి సైకిలు కనిపించింది. తొక్కుతున్నది మిల్ట్రీ అన్న. ఆయన వెనక చాలా దూరం దాకా ఎవరూ లేరు.

"అమ్మాయ్," అన్నాడు ఆఫీసరు మెల్లగా, "ఆ బోర్డుకు అడ్డంగా నిలబడు. వాడు ఎక్కడో ఒడ్డెక్కే ఉంటాడు. వెతకడానికి మనుషులున్నారు. ఇతను ఆగితే పోయిన అవకాశం మళ్ళీ రాదు. ఒక్క రౌండే కదా."

నేను నిలబడ్డాను. ఆఫీసరు చెప్పాడనే కాదు, ఆయన గెలవాలని నాకూ ఉంది. శాలువా రెండు చేతులతో విప్పి, చలికి కప్పుకుంటున్నట్టు, చెక్క ముందు నిలబడ్డాను. అది నేను ఉద్యోగంలో చేసిన ఒకే ఒక తప్పు అనలేను. కానీ తెలిసి చేసింది అదొక్కటే.

సైకిలు దగ్గరికి వచ్చింది. దాటింది. హమ్మయ్య అనుకునేలోపు బ్రేకు చప్పుడు వినిపించింది. ఆయన సైకిలు దిగి వెనక్కి నడిచి వచ్చాడు.

"జరుగు చెల్లె" అన్నాడు.

జరిగాను. ఆయన మొల చూశాడు. నా మొహం చూడలేదు. సైకిలు అక్కడే ఇసుకలో వదిలి, బూట్లు విప్పుకుంటూ, "ఎంతసేపాయె?" అన్నాడు. చెప్పాను. ఆఫీసరు ఏదో అనబోయాడు. ఆయన అప్పటికే నీళ్ళలో ఉన్నాడు.

ఆ తర్వాతి గంట గురించి రాయడానికి ఎక్కువ లేదు. గుంతలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆయనకు తెలుసు. వరుసగా ఒక్కో గుంతలో మునిగాడు. మునిగినప్పుడల్లా నేను అంకెలు లెక్కపెట్టాను. తేలి, మాకు వినబడేలా "లేడు" అనేవాడు. మళ్ళీ మునిగేవాడు. ఈలోగా ఒక్కొక్కరే సైకిలు రెండో రౌండు పూర్తి చేసి పరుగులో పడ్డారు. పరుగు కూడా అయిపోయింది. చివర ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టి, ఎందుకు కొడుతున్నామో తెలియక ఆపేశారు. ఎవరు మొదట వచ్చారో, ఎవరు రెండోవారో ఆఫీసరు రాసుకున్నాడు. ఆ కాగితం తర్వాత నేనే టైపు చేశాను.

పంపుహౌస్ ఆపరేటర్ గట్టు మీది నుంచి కేక వేశాడు. "బోర్డు కాడి పిల్లను ఫోన్‌కు రమ్మంటున్నరు. బాయి మీదికెల్లి."

పరుగెత్తాను. ఫోన్లో ల్యాంపు రూం చాచా.

"బేటీ, పదిహేడు నీదేనా?"

"నాదే చాచా."

"నా బోర్డు మీద ఉన్నది."

నాకు అర్థం కాలేదు. "మనిషేడి చాచా?"

"మనిషి బాయిల దిగిండు. నేనే ల్యాంపిచ్చిన. ఇయ్యాల ప్లేడే, కిటికీ కాడ మస్తు మంది. బిళ్ళ మొఖం సూడలె, సెయ్యి సూసిన, ల్యాంపిచ్చిన. ఇప్పుడు లెక్క సరిసూస్తుంటే దొరికింది. ముందుగాల దయ్యమనుకున్న బేటీ. మూతపడ్డ బాయి బిళ్ళ పనికొచ్చిందేంది అని."

ఆదివారం పనిని మా దగ్గర ప్లేడే అంటారు. ఆ రోజు దిగితే రెండింతల జీతం. హాజరు పట్టీలో పేరు ఎక్కడం, అదే మస్టర్ పడటం, కష్టం, కాబట్టి పిలిస్తే ఎవరూ వదులుకోరు.

వెనక్కి పరుగెత్తి నీళ్ళ అంచున నిలబడి అరిచాను. మిల్ట్రీ అన్న ఛాతీ లోతు నీళ్ళలో ఆగి విన్నాడు. పెదవులు నల్లబడిపోయాయి. ఆయన అడిగింది ఒకే మాట.

"మస్టర్ పడ్డదా?"

"పడ్డదట అన్నా."

"అయితే మంచిగనే ఉన్నడు" అని ఒడ్డెక్కి కూర్చున్నాడు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. నేను చెక్క మడతబల్ల మీద నుంచి తీయబోతే, "ఉండనీ. పదిహేడు ఇంక రాలె" అన్నాడు.

షిఫ్టు మూడు గంటలకు దిగుతుంది. మేమిద్దరం చెక్కతో సహా బాయి దగ్గరికి పోయి నిలబడ్డాం. ఫిల్లర్ బొగ్గు మొహంతో పైకి వచ్చి, ల్యాంపు ఇచ్చి, చాచా చేతిలోంచి బిళ్ళ తీసుకుని, దాన్ని చూసి, మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"పిక్క పట్టేసిందన్నా. నీళ్ళు అటే గుంజినయ్. ఇసుక పోసే బంకర్ కాడ ఒడ్డెక్కిన. మా బావ డ్యూటీకి పోతున్నడు, ప్లేడే ఉన్నది జల్ది రా అన్నడు. ఆయన సంచిల బట్టలు తొడుక్కొని ఉరికిన. నా బిళ్ళ ఇంట్ల ఉండె. మెడల ఇదుండె. కిటికీల సెయ్యి పెడితే ఇదే ఇచ్చిన."

"గోదారి ఒడ్డున బోర్డు ఉన్నదని యాదికి రాలేదా?"

ఫిల్లర్ నిజంగానే ఆలోచించాడు. "బిళ్ళ ల్యాంపు రూంల ఇచ్చిన. నేను బాయిల ఉన్న. లెక్క సరిగనే ఉన్నది గదన్నా?"

చాచా కిటికీలోంచి, "అరె, నిజమే అంటున్నడు" అన్నాడు.

మిల్ట్రీ అన్న కూడా తలూపాడు. "బాయి లెక్కల ఉన్నవ్. గోదారి లెక్కల లేవు. మధ్యల నేను దేవులాడిన."

ఏం జరిగిందో చాచా చెప్పాడు. ఫిల్లర్ మొహం మీది బొగ్గు కింద రంగు మారిందో లేదో తెలియలేదు. మిల్ట్రీ అన్న ముందుకు వచ్చి, "అన్నా, నన్నొక్కటి కొట్టరాదు" అన్నాడు.

"సెయ్యి లేస్తలేదు. పోయి అన్నం తిను. బిళ్ళ మాత్రం ఎక్కిచ్చి పో" అన్నాడు ఆయన. చెక్క నా చేతుల్లో ఉంది. ఫిల్లర్ పదిహేడో మొలకు బిళ్ళ తగిలించాడు. టక్. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. బొగ్గు పడిందని కళ్ళు తుడుచుకున్నాను. బాయి మీద అది ఎవరైనా నమ్ముతారు.

మర్నాడు మిల్ట్రీ అన్న ఆఫీసుకు వచ్చి ఒక ఉత్తరం టైపు చేయమన్నాడు. ఇకమీదట తాను పోటీల్లో పాల్గొననని, ఎంపికైన ఇద్దరికీ పోటీల దాకా ఈత నేర్పడానికి అనుమతి ఇవ్వాలని. గేటు డ్యూటీ చేస్తూనే నేర్పుతానని. ఆఫీసరు చదివి, "పోటీ ఎందుకు మానడం? పైవాళ్ళకు రాసి చూద్దాం. ఇంకోసారి సెలక్షన్ పెట్టిస్తాను" అన్నాడు. 

"వద్దు సార్. పందెంల ఉన్నోడు లెక్క సూడొద్దు. లెక్క సూసెటోడు పందెంల ఉండొద్దు. నేను రెండు జేసిన. తప్పు నాదే."

కోచ్ అనే హోదా ఆయనకు రాలేదు. కాగితం మీద చాలా ఏళ్ళు గార్డుగానే ఉన్నాడు. పోటీలకు వెళ్ళిన ఇద్దరూ అక్కడేమీ గెలవలేదు. ఒకడు సైకిలు టైరు పగిలి ఆగిపోయాడు. రెండోవాడు చివరి నుంచి మూడోవాడు. ఆ వార్త విని మిల్ట్రీ అన్న నవ్వడం నేను చూశాను. "నా జాగనే పట్టుకున్నడు" అన్నాడు. మరుసటేడు ఫిల్లర్ సైకిలు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడంటే, ఆయన వాణ్ణి రోజూ రామగుండం దాకా ముందు పెట్టుకుని తోలుకుపోయాడు. "నడు, అన్నం సల్లారుతది" అని వెనక నుంచి అరిచేవాడు. మూడో ఏట ఫిల్లర్ మా ఏరియాకు మొదటి పతకం తెచ్చాడు. కంచుదే. దాన్ని కూడా చిల్లు పొడిచి మొలకు తగిలిద్దామా అని అందరూ ఏడిపించారు.

బోర్డుకు అడ్డం నిలబడిన సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఉద్యోగం మానే ముందు నేనే ఎత్తాను. "నన్ను దాటి పోయినవ్ గదన్నా. మొల కనబడలేదు. మరెందుకు ఆగినవ్?"

"అందుకే ఆగిన" అన్నాడు. "నువ్వెన్నడు బోర్డుకు అడ్డం నిలబడలె. ఎండకు, వానకు పక్కకు జరిగి కూసున్నవ్. ఆ దినం నిలబడ్డవ్. ఒక్క మొల దాపెట్టుదామనుకున్నవ్ చెల్లె. బోర్డంత ఖాళీ ఉన్నట్టు కనబడ్డది నాకు."

అమ్మాయిలు అడిగిన ప్రశ్నకు జవాబు బహుశా ఇక్కడ ఆపితే సరిపోయేది. కానీ పోయిన వారం ఇంకోటి జరిగింది.

కంపెనీ ఈ ఏడు స్టేడియం పక్కన ఈతకొలను కట్టింది. ఎండాకాలం పిల్లల బ్యాచి మొదలుపెడుతున్నారు. నేర్పేది మిల్ట్రీ అన్నే. గడ్డం నెరిసింది. మా ఇంటికి వచ్చి, బోర్డు దగ్గరికి మళ్ళీ రమ్మని అడిగాడు. పొద్దున రెండు గంటలు. నాకు సంతోషమైంది. ఇల్లు దాటి నాలుగేళ్ళయింది. "వస్తనన్నా, పాపను గూడ చేర్పిస్త" అన్నాను. పాపకు నాలుగు నిండాయి. అది స్నానాల గదిలో బకెట్టు దగ్గర ఉన్నా తలుపు తీసి చూసే రకం నేను. నా కళ్ళ ముందు నేర్చుకుంటే మంచిదనుకున్నాను.

ఆయన టీ తాగడం ఆపాడు. "రెండిట్ల ఒకటే చెల్లె."

"ఏం?"

"పిల్ల నీళ్ళల ఉంటే తల్లి బోర్డు కాడ ఉండొద్దు. ఇరవై మొలలల్ల ఒక్క మొలనే సూస్తది."

కాదనడానికి నోరు తెరిచాను. ఆ ఆదివారం శాలువా పట్టుకుని నిలబడిన నా రెండు చేతులూ గుర్తొచ్చాయి. అప్పుడు నీళ్ళలో ఉన్నది నా వాళ్ళెవరూ కాదు. ఒక మనిషి గెలవాలని ఉన్నందుకే ఆ పని చేశాను. 

రెండు రోజులు ఆలోచించాను. ఇంట్లో ఈయన, "ఉద్యోగమే చెయ్యి, పిల్లకు ఈత ఇప్పుడెందుకు, తర్వాత నేర్చుకుంటది" అన్నాడు. అది నాకు సులువైన దారి. పాప ఇంట్లో ఉంటుంది, నేను పరాయి పిల్లలను లెక్కపెట్టుకుంటాను. కానీ గోదావరి ఇక్కడే ఉంది, గుంతలు ఇక్కడే ఉన్నాయి. నేను లేని ఒక రోజు అది ఎట్లాగూ ఒడ్డుకు పోతుంది. నిన్న వెళ్ళి పాప పేరు రాయించాను.

"బోర్డు కాడ ఎవరన్నా మరి?" అని అడిగాను.

"ఫిల్లర్. నైట్ షిఫ్టు దిగి వస్తనన్నడు. ఆ బోర్డును వానికన్న పాణం పెట్టి సూసెటోడు ఇంకెవడున్నడు?"

రిజిస్టరులో పాప పేరు మళ్ళీ ఒకసారి చూసుకున్నాను.  పాప కోసం ఆయన ఒక బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. పాత డబ్బాలోదే, తోమించినట్టున్నాడు, మెరుస్తోంది. అంకె చూశాను.

"ఇది తప్ప వేరేది లేదా అన్నా?"

"ఉన్నయ్. దీనికైతే మొల కాడికి మర్లి వచ్చే అలవాటున్నది" అన్నాడు.

బిళ్ళకు కొత్త దారం కట్టాను. తువ్వాలు, బిస్కెట్లు, పాప నిక్కరు సంచిలో పెట్టాను, తీసి మళ్ళీ పెట్టాను. తల్లులు గోడ అవతలి బెంచీల మీద కూర్చోవాలట. అక్కణ్ణుంచి కొలను కనబడదు, బోర్డూ కనబడదు. రేపు ఇరవై మంది పిల్లలు దిగుతున్నారు. గోడ అవతల కూర్చుని చప్పుళ్ళు లెక్కపెట్టొద్దని మాత్రం ఆయన అనలేదు.